వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎడం ఎంత?

పెట్రోలు ఇంజిను నుంచి కర్మాగారం నిర్ణయించినదానికంటే ఎక్కువ శక్తిని రాబట్టాలనుకునేవారు ముందుగా మార్చే భాగాలలో క్యామ్‌షాఫ్ట్ ఒకటి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో, ఎంత మేరకు కిందికి దిగాలో నిర్ణయించేది ఈ కడ్డీయే కాబట్టి, దాని స్థానంలో ఎత్తూ నిడివీ పెంచి చెక్కిన పర్ఫార్మెన్స్ క్యామ్‌ను అమర్చితే సిలిండర్‌లోకి ఎక్కువ గాలి, ఇంధనం చేరి, అధిక వేగాల వద్ద ఇంజిను బలం పుంజుకుంటుంది. అయితే తెరుచుకున్న వాల్వు దిగే చోటూ, పైకి లేచిన పిస్టన్ చేరే చోటూ చాలా ఇంజిన్లలో ఒకటే. ఒకటి వచ్చే వేళకు రెండోది తప్పుకునేలా కర్మాగారం కుదిర్చిన లెక్క కొత్త క్యామ్ రాకతో చెదిరిపోతుంది. అందుకే క్యామ్ మార్చిన ప్రతిసారీ వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య మిగిలిన ఎడాన్ని కొలిచి చూడాలన్నది ఇంజిను నిర్మాణంలో స్థిరపడిన నియమం. క్యామ్ క్యాటలాగులో అచ్చయిన అంకెలను చూసి ఈ ఎడాన్ని ఊహించడం సాధ్యం కాదు. అది ఆ ఇంజినులో, ఆ భాగాలతో, ఆ బిగింపులో మాత్రమే తెలిసే కొలత. ఎందుకు ఊహించలేమో, ఎలా కొలవాలో తెలియాలంటే ముందు ఇంజిను నడిచే తీరును కొంత పరిశీలించాలి.

నాలుగు స్ట్రోకులు, ఒక ఓవర్‌ల్యాప్

జర్మనీకి చెందిన నికోలస్ ఒట్టో 1876లో నిర్మించిన ఇంజిను నాటి నుంచి కార్లు, మోటారు సైకిళ్ల పెట్రోలు ఇంజిన్లు చాలావరకు నాలుగు స్ట్రోకుల క్రమంలోనే పనిచేస్తున్నాయి. పిస్టన్ కిందికి దిగుతూ గాలి, ఇంధనాల మిశ్రమాన్ని లోపలికి పీల్చుకోవడం మొదటి స్ట్రోకు. పైకి లేస్తూ దానిని నొక్కడం రెండోది. మండిన వాయువులు తోయగా మళ్లీ కిందికి దిగడం మూడోది. కాలిన పొగను బయటికి నెడుతూ పైకి రావడం నాలుగోది. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి పిస్టన్ తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. గొలుసుతోనో, బెల్టుతోనో, పళ్లచక్రాలతోనో దానికి ముడిపడి ఉన్న క్యామ్‌షాఫ్ట్ అందులో సగం వేగంతో ఒక్క చుట్టే తిరుగుతుంది. క్యామ్‌షాఫ్ట్ మీద ఒకవైపు ఉబ్బెత్తుగా చెక్కిన బిళ్లలను లోబ్‌లు అంటారు. లోబ్ ఉబ్బు వచ్చి తగిలినప్పుడు ట్యాపెట్ లేస్తుంది, ఆ కదలిక రాకర్ ఆర్మ్ ద్వారా వాల్వును కిందికి నొక్కి తెరుస్తుంది, ఉబ్బు దాటిపోగానే స్ప్రింగ్ వాల్వును తిరిగి మూస్తుంది. కొన్ని ఇంజిన్లలో ట్యాపెట్‌కూ రాకర్‌కూ మధ్య పుష్‌రాడ్ అనే సన్నని కడ్డీ ఉంటుంది. సిలిండర్లను పైనుంచి మూసే హెడ్ మీదనే క్యామ్‌షాఫ్ట్ ఉండే ఇంజిన్లలో పుష్‌రాడ్ అవసరం ఉండదు.

బడి పుస్తకంలోని బొమ్మ ప్రకారం పిస్టన్ పైకొసకు చేరగానే పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుని, సరిగ్గా అప్పుడే మిశ్రమాన్ని లోపలికి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోవాలి. పిస్టన్ తన ప్రయాణంలో అందుకునే ఈ పైకొసను టాప్ డెడ్ సెంటర్ అనీ, క్లుప్తంగా టీడీసీ అనీ అంటారు. నిజమైన ఇంజినులో వాల్వుల కదలిక అంత ముక్కుసూటిగా ఉండదు. గాలికి కూడా బరువుంది కాబట్టి అది కదలడానికి కొంత సమయం తీసుకుంటుంది, కదిలాక ఒక పట్టాన ఆగదు. అందువల్ల ఇన్‌టేక్ వాల్వును పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే తెరవడం మొదలుపెడతారు, ఎగ్జాస్ట్ వాల్వును పిస్టన్ కిందికి మళ్లిన తర్వాత గాని పూర్తిగా మూయరు. ఈ విధంగా టీడీసీకి అటూ ఇటూ కొద్దిసేపు రెండు వాల్వులూ తెరిచే ఉంటాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. బయటికి దూసుకుపోతున్న పొగ తన వెనుక ఏర్పడే తగ్గుపీడనంతో కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. అధిక వేగాల వద్ద ఇంజినుకు అదనపు బలం వచ్చేది చాలావరకు ఈ కొద్ది వ్యవధిని సద్వినియోగం చేసుకోవడం వల్లనే. పిస్టన్ తన పైకొసలో ఉండగా రెండు వాల్వులూ తెరిచి ఉండే వేళ కూడా ఇదే కాబట్టి, ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

క్యామ్ మారితే మారేవి

క్యామ్ స్వభావాన్ని ప్రధానంగా మూడు కొలతలు తెలుపుతాయి. వాల్వు తన పీఠం నుంచి గరిష్ఠంగా ఎంత దూరం కదులుతుందో చెప్పేది లిఫ్ట్. క్రాంక్‌షాఫ్ట్ ఎన్ని డిగ్రీలు తిరిగేంతసేపు వాల్వు తెరిచి ఉంటుందో చెప్పేది డ్యురేషన్. ఇన్‌టేక్ లోబ్ శిఖరానికీ ఎగ్జాస్ట్ లోబ్ శిఖరానికీ మధ్య ఉండే కోణం లోబ్ సెపరేషన్. ఈ మూడింటిలో ఓవర్‌ల్యాప్‌ను నిర్ణయించేవి చివరి రెండూ. రెండు వాల్వుల డ్యురేషన్ 280 డిగ్రీలుగా, లోబ్ సెపరేషన్ 110 డిగ్రీలుగా ఉన్న క్యామ్‌లో రెండూ కలిసి తెరిచి ఉండే వ్యవధి 60 డిగ్రీలు. లోబ్ సెపరేషన్‌ను 106 డిగ్రీలకు కుదిస్తే, లిఫ్ట్ ఏమాత్రం మారకపోయినా ఓవర్‌ల్యాప్ 68 డిగ్రీలకు పెరుగుతుంది.

క్యామ్‌లను చెక్కి ఇంజినుకు బలం పెంచే విద్య వ్యాపారంగా ఎదిగిన చోటు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా. ఎండిన సరస్సుల చదునైన నేల మీద పాత ఫోర్డు కార్లను పరుగు పెట్టించిన యువకులకు 1920ల నుంచే ఎడ్ విన్‌ఫీల్డ్ వంటివారు క్యామ్‌లు చెక్కి ఇచ్చారు. ఆయన వద్ద మెళకువలు తెలుసుకున్న ఎడ్ ఇస్కెండేరియన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే పనిని పరిశ్రమగా మలిచారు. 1955లో షెవ్రోలే సంస్థ స్మాల్ బ్లాక్ అనే ఎనిమిది సిలిండర్ల ఇంజినును విడుదల చేశాక ఈ విద్యకు అది ప్రధాన క్షేత్రమైంది. చవకగా దొరికే ఆ ఇంజినుకు రకరకాల క్యామ్‌లు, హెడ్‌లు, పిస్టన్లు వేర్వేరు తయారీదారుల నుంచి మార్కెట్లోకి వచ్చాయి. ఒకరి క్యామ్, మరొకరి పిస్టన్, ఇంకొకరి హెడ్ ఒకే ఇంజినులో కలిసినప్పుడు ఎడం ఎంత మిగులుతుందో ఆ ముగ్గురిలో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందువల్ల కొలిచే బాధ్యత ఇంజినును కూర్చేవారి మీద పడింది.

ఢీకొనే అవకాశం ఎక్కడ?

ఎక్కువ లిఫ్ట్ ఉన్న క్యామ్ వేస్తే వాల్వు పిస్టన్‌కు తగులుతుందని చాలామంది అనుకుంటారు. ఇది సగం నిజమే. స్మాల్ బ్లాక్ కుటుంబంలో ఎక్కువగా వాడుకలో ఉన్న 350 క్యూబిక్ అంగుళాల ఇంజినును తీసుకుంటే, దాని పిస్టన్ ప్రయాణం 88.4 మిల్లీమీటర్లు, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ పొడవు 144.8 మిల్లీమీటర్లు. ఇన్‌టేక్ వాల్వు గరిష్ఠంగా తెరుచుకునేది టీడీసీ దాటిన 108 డిగ్రీల ప్రాంతంలో అనుకుంటే, ఆ సమయానికి పిస్టన్ దాదాపు 64 మిల్లీమీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది. అప్పుడు వాల్వు 12 మిల్లీమీటర్లు తెరుచుకున్నా, 15 మిల్లీమీటర్లు తెరుచుకున్నా వాటి మధ్య తగులుకునే ప్రసక్తే లేదు. అదే ఇంజినులో టీడీసీకి 20 డిగ్రీల దూరంలో పిస్టన్ పైకొస నుంచి సుమారు 3.5 మిల్లీమీటర్లు, 10 డిగ్రీల దూరంలో 0.9 మిల్లీమీటరు, 5 డిగ్రీల దూరంలో 0.2 మిల్లీమీటరు మాత్రమే కింద ఉంటుంది. కాబట్టి చూడవలసింది ఆ కొద్ది డిగ్రీల పరిధిలో వాల్వు ఎంత మేరకు తెరిచి ఉన్నదన్నది. ఒకరు రోకలి వేస్తుంటే మరొకరు రోటిలోని పిండిని చేత్తో ఎగదోసేటప్పుడు, చెయ్యి ఎంత లోతుకు వెళ్లిందన్నదానికంటే రోకలి దిగే వేళకు బయటికి వచ్చిందా లేదా అన్నదే ముఖ్యమైనట్టు, ఇక్కడ కూడా లోతు కంటే వేళకే ప్రాధాన్యం.

ఈ పరిధిలో రెండు వాల్వుల పరిస్థితి ఒకటి కాదు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ పైకి పోతుండగా పిస్టన్ దాని వెనుకే తరుముకుంటూ వస్తుంది. అందువల్ల ఆ రెండూ అతి దగ్గరగా వచ్చేది సాధారణంగా టీడీసీకి సుమారు 10 డిగ్రీల ముందు. ఇన్‌టేక్ వాల్వు విషయంలో ఇది తిరగబడుతుంది. పిస్టన్ కిందికి పోతుండగా అప్పుడే తెరుచుకుంటున్న వాల్వు దాన్ని తరుముతుంది కాబట్టి, అవి అతి దగ్గరగా వచ్చేది టీడీసీ దాటిన సుమారు 10 డిగ్రీల వద్ద. క్యామ్‌ను బట్టి ఈ స్థానం కొన్ని డిగ్రీలు అటూ ఇటూ జరుగుతుంది. ఏ వాల్వుకైనా అతి తక్కువ ఎడం సరిగ్గా టీడీసీ వద్దనే ఉంటుందనుకుని అక్కడ మాత్రమే కొలిచి ఊరుకుంటే అసలు కొలత తప్పిపోవచ్చు.

క్యాటలాగు అంకెలు ఎందుకు చాలవో దీన్నిబట్టి అర్థమవుతుంది. లిఫ్ట్ ఎక్కువగా ఉండి, డ్యురేషన్ తక్కువగా, లోబ్ సెపరేషన్ విశాలంగా ఉన్న క్యామ్ నిరపాయంగా ఇమడవచ్చు. లిఫ్ట్ తక్కువైనా డ్యురేషన్ ఎక్కువగా, లోబ్ సెపరేషన్ ఇరుకుగా ఉన్న క్యామ్ అదే ఇంజినులో వాల్వులను వంచవచ్చు. దీనికి తోడు హెడ్ అడుగుభాగాన్ని ఎంత చెక్కారు, బ్లాక్ పైభాగాన్ని ఎంత చదును చేశారు, పిస్టన్ తల మీద వాల్వు కోసం తొలిచిన గుంట ఎంత లోతు, వాల్వు పీఠాలను ఎంత లోపలికి అరగదీశారు, హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య వేసే గ్యాస్కెట్ మందం ఎంత అన్న ప్రతి అంశమూ ఎడాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తుంది. రాకర్ ఆర్మ్‌ను మార్చినా అంతే. లోబ్ ఎత్తును 1.5 రెట్లు చేసే రాకర్‌కు బదులు 1.6 రెట్లు చేసేదాన్ని పెడితే, ఓవర్‌ల్యాప్ వేళ 4 మిల్లీమీటర్లు తెరిచి ఉండే వాల్వు అప్పటినుంచి 0.27 మిల్లీమీటరు అదనంగా తెరిచి ఉంటుంది.

రెండు, రెండున్నర మిల్లీమీటర్లే ఎందుకు?

ఉక్కు కనెక్టింగ్ రాడ్‌లున్న ఇంజిన్లకు ఇన్‌టేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు కనీసం 2.5 మిల్లీమీటర్లు ఎడం ఉండాలని అమెరికన్ ఇంజిను నిర్మాతలు చాలాకాలంగా పాటిస్తున్నారు. అంగుళాల లెక్కలో ఇవి 0.080, 0.100. వాల్వు అంచుకూ పిస్టన్ గుంట గోడకూ మధ్య పక్కగా కనీసం 1.3 మిల్లీమీటర్ల చోటు విడిచిపెడతారు. క్యామ్ లేదా పిస్టన్ తయారీదారు వేరే కొలత నిర్దేశిస్తే దాన్నే పాటించాలి.

చేత్తో మెల్లగా తిప్పినప్పుడు సగం మిల్లీమీటరు ఎడం ఉన్నా ఏదీ దేనికీ తగలదు. అయినా రెండు మిల్లీమీటర్లకు పైగా అవసరం కావడానికి కారణం, పరుగు తీస్తున్న ఇంజిను బల్ల మీది ఇంజిను మాదిరిగా ఉండకపోవడమే. పైన చెప్పిన ఇంజిను నిమిషానికి 6,500 చుట్లు తిరుగుతున్నప్పుడు టీడీసీ వద్ద పిస్టన్ మీద పనిచేసే త్వరణం గురుత్వాకర్షణకు సుమారు 2,700 రెట్లు ఉంటుంది. పిస్టన్, దాని పిన్ను, రింగులు కలిసి 700 గ్రాములు తూగుతాయనుకుంటే, కనెక్టింగ్ రాడ్‌ను పైకి లాగే బలం దాదాపు 1,900 కిలోల బరువుకు సమానం. ఇంధనాన్ని నొక్కే స్ట్రోకులో లోపలి పీడనం ఈ లాగుడును కొంత అడ్డుకుంటుంది. కాని ఓవర్‌ల్యాప్ వేళ రెండు వాల్వులూ తెరిచి ఉండటం వల్ల అడ్డుకునే పీడనం ఉండదు. అప్పుడు రాడ్ కొద్దిగా సాగుతుంది, బేరింగుల్లోని సందు ఒకవైపుకు చేరుతుంది, పిస్టన్ తన మామూలు హద్దును దాటి కాస్త పైకి వస్తుంది. అల్యూమినియం రాడ్‌లు వేడికి ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తాయి, ఎక్కువ సాగుతాయి కూడా. అందువల్ల డ్రాగ్ పందేల ఇంజిన్లలో వాటికి ఇంకా ఎక్కువ ఎడం విడుస్తారు.

ఎగ్జాస్ట్ వైపు అదనంగా అర మిల్లీమీటరు అడగడానికి వేరే కారణాలున్నాయి. మండిన వాయువులు దాని మీదుగానే పోతాయి కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి ఎక్కువ పొడవు సాగుతుంది. అంతకంటే పెద్ద అపాయం స్ప్రింగ్ ఓడిపోవడంలో ఉంది. వేగం హద్దు మీరినప్పుడు వాల్వు స్ప్రింగ్ లోబ్ వంపును అనుసరించలేక వెనుకబడుతుంది. ఈ స్థితిని వాల్వ్ ఫ్లోట్ అంటారు. తరుముతూ వచ్చే పిస్టన్‌కు తప్పుకోవలసిన ఎగ్జాస్ట్ వాల్వు అప్పుడు ఆలస్యంగా కదులుతుంది. నిమిషానికి 6,500 చుట్ల వేగంలో 10 డిగ్రీలు తిరగడానికి పట్టే సమయం సెకనులో దాదాపు 4 వేలవ వంతు కాబట్టి, స్ప్రింగ్‌కు సర్దుకునే వ్యవధి చిక్కదు. వాడుకలో సాగిన టైమింగ్ గొలుసు కూడా క్యామ్‌ను కొద్దిగా వెనక్కి నెట్టి, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. డుకాటీ మోటారు సైకిళ్లలో వాల్వును మూయడానికి కూడా క్యామ్‌నే వాడే డెస్మోడ్రోమిక్ పద్ధతిని ఫాబియో తాలియోని 1956లో పందేల బండ్లకు తెచ్చింది స్ప్రింగ్‌కున్న ఈ బలహీనతను తప్పించడానికే.

మొదటి పద్ధతి: మెత్తని క్లే

ఎడాన్ని కొలవడానికి ఇంజిను నిర్మాతలు రెండు పద్ధతులను వాడతారు. మొదటిదానికి పిల్లలు బొమ్మలు చేసుకునే, ఆరిపోని క్లే ముద్ద చాలు. హెడ్ విప్పి, పిస్టన్ తలను శుభ్రంగా తుడిచి, వాల్వులు దిగే గుంటల్లో సుమారు 6 మిల్లీమీటర్ల మందాన క్లేను పరిచి నొక్కుతారు. వాల్వు ముఖానికి అంటుకుని లేచిపోకుండా దాని మీద పలచగా నూనె రాస్తారు. తర్వాత గ్యాస్కెట్ వేసి, హెడ్ పెట్టి, బోల్టులను నిర్దేశించిన టార్క్ మేరకు బిగించి, ఆ సిలిండర్‌కు సంబంధించిన రాకర్లను అమర్చి, ట్యాపెట్ ఎడాన్ని సరిచేస్తారు. ఆపైన స్పార్క్ ప్లగ్గులు తీసేసి, పొడవాటి పిడి గల పానాతో క్రాంక్‌షాఫ్ట్‌ను అది నడిచే దిశలోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పుతారు. క్యామ్ ఒక్క చుట్టు పూర్తి చేయడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి కాబట్టి ఒక చుట్టుతో ఆపడం పనికిరాదు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలం ఉపయోగించకుండా ఆపేయాలి. అది వాల్వు పిస్టన్‌ను తాకిందనడానికి సూచన కావచ్చు.

హెడ్ విప్పి చూస్తే క్లే మీద వాల్వు గుండ్రని ముద్ర లోతుగా పడి ఉంటుంది. పదునైన బ్లేడుతో ఆ ముద్రను నడిమికి కోసి, ఒక సగాన్ని తీసేసి, మిగిలిన సగంలో అన్నిటికంటే పలచగా ఉన్న చోటును వెర్నియర్ లోతు కడ్డీతో కొలుస్తారు. ఆ మందమే అతి తక్కువ ఎడం. ముద్ర అంచు గుంట గోడకు ఎంత దగ్గరగా వచ్చిందో కూడా అక్కడే కనబడుతుంది. పక్క ఎడాన్ని కళ్లకు కట్టినట్టు చూపడం ఈ పద్ధతికున్న ప్రత్యేకత.

ఇందులో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది గ్యాస్కెట్ గురించి. బోల్టుల బిగింపుకు గ్యాస్కెట్ నలిగి పలచబడుతుంది కాబట్టి, చివరకు వాడబోయే రకానికి చెందిన, ఒకసారి బిగించి తీసిన పాతదాన్ని పరీక్షకు వాడతారు. కొత్తదాన్ని పరీక్షలో నలిపి మళ్లీ వాడటం ఎంత తప్పో, హెడ్‌ను పూర్తిగా బిగించకుండా కొలవడమూ అంతే తప్పు. రెండోది హైడ్రాలిక్ ట్యాపెట్ల గురించి. ఇవి లోపల నూనె ఒత్తిడితో తమంతట తాము ఎడాన్ని సర్దుకునే రకం. ఇంజిను నడవనప్పుడు ఆ ఒత్తిడి ఉండదు కాబట్టి, గట్టి స్ప్రింగ్ భారానికి ట్యాపెట్ లోపలికి కుంగి వాల్వు తక్కువగా తెరుచుకుంటుంది, లేని ఎడం ఉన్నట్టు కనబడుతుంది. ఈ మోసాన్ని తప్పించడానికి పరీక్ష వరకు అదే కొలతకు సర్దిన, కుంగని ట్యాపెట్‌ను పెడతారు, లేదా వాల్వు స్ప్రింగులను తీసి తేలికపాటివి వేస్తారు.

రెండో పద్ధతి: డయల్ గేజి

క్లే ఎడం ఎంతో చెబుతుంది గాని ఆ ఎడం ఏ డిగ్రీ వద్ద ఏర్పడిందో చెప్పలేదు. ఆ లోటును డయల్ గేజి పద్ధతి తీరుస్తుంది. ఇందులో పరీక్షించే సిలిండర్ వాల్వులకు గట్టి స్ప్రింగులు తీసి, వేలితో నొక్కినా కుంగే తేలిక స్ప్రింగులు వేస్తారు. క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసకు 360 డిగ్రీలు గుర్తించిన డిగ్రీ వీల్ బిగిస్తారు. ముందుగా అసలైన టీడీసీని పట్టుకోవాలి. పైకొస వద్ద 5 డిగ్రీల తేడాకు పిస్టన్ కదిలేది 0.2 మిల్లీమీటరే కాబట్టి కంటితో చూసి నిర్ణయించడం కుదరదు. అందుకని పిస్టన్ పైకొసకు చేరకముందే ఆగిపోయేలా అడ్డుకడ్డీ ఒకటి బిగించి, క్రాంక్‌ను రెండు దిశల్లోనూ అది తగిలేదాకా తిప్పి, డిగ్రీ వీల్ మీద వచ్చిన రెండు గుర్తుల నడిమి బిందువును టీడీసీగా తీసుకుంటారు.

తర్వాత అడ్డుకడ్డీ తీసేసి, క్రాంక్‌ను టీడీసీకి 20 డిగ్రీల ముందు నిలిపి, డయల్ గేజి ముల్లును ఎగ్జాస్ట్ వాల్వు కొసన ఉన్న స్ప్రింగ్ మూత మీద ఆనించి సున్నాకు సరిచేస్తారు. క్యామ్ అప్పటికే తెరిచి ఉంచిన ఆ వాల్వును చేత్తో మరింత కిందికి నొక్కితే, అది పిస్టన్‌ను తాకి ఆగేలోగా గేజి చూపిన కదలికే ఆ డిగ్రీ వద్ద ఎడం. రెండేసి డిగ్రీలు జరుపుతూ టీడీసీ దాకా ఇలాగే కొలిచి రాసుకుంటారు. ఉదాహరణకు 16 డిగ్రీల ముందు 2.9, 10 డిగ్రీల ముందు 2.6, 4 డిగ్రీల ముందు 2.8 మిల్లీమీటర్లు వస్తే, 2.6 అతి తక్కువ కాబట్టి ఎగ్జాస్ట్ వైపు ఎడం సరిపోయినట్టే. ఇన్‌టేక్ వాల్వుకు టీడీసీ నుంచి 20 డిగ్రీల తర్వాత వరకు ఇదే విధంగా కొలుస్తారు. యంత్రాల మీద చేసిన పనిలో సిలిండర్‌కూ సిలిండర్‌కూ స్వల్ప తేడాలు ఉంటాయి కాబట్టి, వి ఆకారపు ఇంజిన్లలో రెండు వరుసల్లోనూ కనీసం చెరొక సిలిండర్‌నైనా పరీక్షిస్తారు. పందేల ఇంజిను అయితే అన్నిటినీ కొలవడమే క్షేమం.

ఎడం చాలకపోతే

కొలత తక్కువ వస్తే ఉన్న మార్గాల్లో ప్రతిదానికీ ఒక మూల్యం ఉంది. క్యామ్‌ను కొన్ని డిగ్రీలు ముందుకు జరిపితే ఎగ్జాస్ట్ వాల్వు త్వరగా మూసుకుని అటువైపు ఎడం పెరుగుతుంది గాని, ఇన్‌టేక్ వాల్వు త్వరగా తెరుచుకోవడం వల్ల ఇటువైపు తగ్గుతుంది. వెనక్కి జరిపితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఒకవైపు ఎడం మిగులుగా ఉన్నప్పుడే ఈ సర్దుబాటు పనికొస్తుంది. పైగా దానివల్ల ఇంజిను ఏ వేగం వద్ద బలం చూపుతుందన్నదీ మారుతుంది. మందపాటి గ్యాస్కెట్ వేయడం సులువైన మార్గం. అయితే స్మాల్ బ్లాక్‌లో వాల్వులు 23 డిగ్రీలు వాలి ఉంటాయి కాబట్టి, హెడ్‌ను ఒక మిల్లీమీటరు ఎత్తితే వాల్వు దిశలో పెరిగే ఎడం 0.92 మిల్లీమీటరే. అదే సమయంలో కంప్రెషన్ తగ్గుతుంది. పిస్టన్ చదును భాగానికీ హెడ్‌కూ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే ఉండవలసిన ఇరుకు సందు పెరిగిపోయి, మిశ్రమం చక్కగా కలిసి మండటం దెబ్బతింటుంది.

అందువల్ల ఎక్కువమంది నిర్మాతలు ఎంచుకునేది పిస్టన్ తల మీది గుంటలను లోతు చేయించడం. పిస్టన్లను విప్పి మిల్లింగ్ యంత్రం మీద, వాల్వు వాలు ఎంతో అంతే కోణంలో చెక్కించాలి. గుంట కింద మిగిలే లోహపు మందం పిస్టన్ తయారీదారు చెప్పిన హద్దుకంటే తగ్గకూడదు. తగ్గితే వేడికీ పీడనానికీ పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. ఈ హద్దు అడ్డు వచ్చినప్పుడు లోతైన గుంటలున్న పిస్టన్లు కొనడమో, ఓవర్‌ల్యాప్ తక్కువగా ఉన్న క్యామ్‌ను ఎంచుకోవడమో మిగిలిన దారులు. ఏ మార్పు చేసినా మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

మామూలు వాహనదారుకూ సంబంధమే

ఇదంతా పందేలవారి గొడవ అనిపించవచ్చు గాని, ఎన్నడూ క్యామ్ మార్చని వాహనదారుకూ ఈ ఎడంతో పని పడుతుంది. నేటి కార్ల ఇంజిన్లలో చాలావాటిలో వాల్వూ పిస్టనూ ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. అటువంటి ఇంజినులో నడుస్తుండగా టైమింగ్ బెల్టు తెగితే క్యామ్‌షాఫ్ట్ ఉన్నచోట ఆగిపోతుంది, క్రాంక్‌షాఫ్ట్ మాత్రం ఊపు మీద ఇంకా తిరుగుతుంది. తెరిచి ఉండిపోయిన వాల్వులను పిస్టన్లు కొట్టి వంచేస్తాయి. వాల్వులు బెండయ్యాయని మెకానిక్ చెప్పినప్పుడు హెడ్ మొత్తం విప్పవలసి వస్తుంది. తయారీదారు చెప్పిన కిలోమీటర్లకో, సంవత్సరాలకో బెల్టునూ టెన్షనర్‌నూ మార్పించడం వృథా ఖర్చు కాదనడానికి ఇదే ఆధారం.

హెడ్ ఫేసింగ్ కూడా ఇటువంటిదే. ఇంజిను విపరీతంగా వేడెక్కి హెడ్ వంగినప్పుడు దాని అడుగును చెక్కి చదును చేయిస్తారు. చెక్కిన మేరకు వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. క్యామ్ హెడ్ పైనే ఉండే ఇంజిన్లలో హెడ్ కిందికి దిగడం వల్ల క్యామ్ కూడా రవ్వంత వెనక్కి జరిగి, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే తయారీదారులు హెడ్‌కు కనీస మందాన్ని నిర్దేశిస్తారు; అంతకు మించి చెక్కవలసి వస్తే కొత్త హెడ్ కొనడమే మార్గం.

క్యామ్ మార్పుకు భారతదేశంలో మరో హద్దు ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. కాబట్టి ఇంజిను శక్తిని పెంచే మార్పులను పందేల ట్రాక్‌కు కేటాయించిన వాహనానికి పరిమితం చేసుకోవడం మంచిది.

అటువంటి వాహనానికైనా క్యామ్ మార్పించేవారు మెకానిక్ అనుభవాన్నీ క్యామ్ తయారీదారు పేరునూ నమ్మి ఊరుకోకుండా, ప్రతి వాల్వు వద్ద ఎంత ఎడం వచ్చిందో, ఏ డిగ్రీ వద్ద కొలిచారో, ఏ గ్యాస్కెట్‌తో కొలిచారో కాగితం మీద రాయించి తీసుకోవాలి. ఆ మూడు వివరాలూ ఇవ్వలేని వర్క్‌షాపుకు ఈ పని అప్పగించకపోవడమే మేలు.